పొన్నలంక ఇంకా ఖాయం కాలేదు

నమోదు 212. సోమవారం

పొద్దున నాలుగో అంతస్తు ఇళ్ళలో కుళాయిలు ఆలస్యంగా వచ్చాయి. ట్యాంకు నిండుగానే ఉంది. కుళాయి తిప్పగానే ఈ ఇంటికి ఈ పూట ఎన్ని నీళ్ళని అది మూలాన్ని అడుగుతుంది. మూలం జవాబు చెప్పే ముందు ఆ సంగతి లాగ్‌లో, అంటే తన చిట్టాలో, రాసుకోవాలి. రాసుకోవడానికి జాగా చాలక లాగ్ పెరగాల్సి వచ్చింది. అది పెరుగుతున్నంతసేపూ మెట్టపురమంతా నిలబడిపోయింది. కుళాయిలు, లిఫ్టులు, రేషన్ కొట్టు, ఆసుపత్రి మందుల బీరువా, అన్నీ.

మూలం మా ఊరి డేటాబేస్. సముద్రం లంకల్ని మింగడం మొదలుపెట్టాక కొండవాలున కట్టిన ఊరు మాది. ఇక్కడ మూలాన్ని అడక్కుండా గ్లాసు కూడా నిండదు. దాని లాగ్ చూసుకునేది నేను. పేరు తాడి సువార్త. ఈ నమోదుల్లో యంత్రం సంగతులు తప్ప ఇంకేమీ రాయవద్దని ఊరిని నడిపే మండలి ఉత్తర్వు ఉంది. యంత్రం సంగతులు మనుషుల సంగతులు కాకుండా పోయిన రోజున ఆ ఉత్తర్వు పాటిస్తాను.

ఏ మార్పయినా ముందు లాగ్‌లోకి వెళ్ళాలి, ఆ తర్వాతే అసలు పట్టికలోకి. మధ్యలో కరెంటు పోయినా, యంత్రం పడిపోయినా, లాగ్ ఉంటే మూలం మళ్ళీ లేస్తుంది. పూర్తయిన పనుల లాగ్‌కి రోజూ నకలు తీసి దాచి, ఆ జాగాను మళ్ళీ వాడుకుంటాం. సక్రమంగా నడిచే ఊళ్ళో లాగ్ ఉన్నంతలోనే సర్దుకుంటుంది. మాది ఏడాదిగా ఉబ్బుతూనే ఉంది. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు కారణం వెతక్కుండా డిస్కుల మీద డిస్కులు కలుపుతూ పోయారు.

ఇవాళ నకలు తీశాను. జాగా ఖాళీ కాలేదు. అంటే ఎక్కడో ఒక లావాదేవీ, ఒకే పనిగా కట్టిన మార్పుల మూట, మొదలై పూర్తికాకుండా ఉంది. అలాంటిది ఒకటుంటే, అది మొదలైన చోటు నుంచి ఇవాళ్టి వరకు రాసిన లాగ్‌లో ఒక్క అక్షరం కూడా చెరపడానికి వీల్లేదు. దాన్ని వెనక్కి తిప్పాల్సి వస్తే దారి ఉండాలి కదా.

వెతికితే దొరికింది. పేరు, పొన్నలంక తరలింపు. మొదలైంది కిందటేటి తుఫాను తర్వాత. స్థితి, తెరిచి ఉంది.

నమోదు 213. మంగళవారం

విశ్వపతిగారు వచ్చారు. మండలి తరఫున యంత్రశాల మీద అధికారి ఆయన. నిలబడే మాట్లాడారు.

"ఒక్క మీట నొక్కితే పోయేదానికి ఇంత హడావిడేంటమ్మా?"

"ఏ మీట నొక్కమంటారు సార్?"

"ఖాయం చెయ్."

"ఖాయం చేస్తే ఇంకా పొన్నలంకలో ఉన్నవాళ్ళు కూడా ఇక్కడికి వచ్చేసినట్టు అవుతుంది."

"రావాలనే కదా తీర్మానం."

"రాలేదు కదండీ."

ఆయన కిటికీ దగ్గరికి నడిచారు. తుఫాను తర్వాత పొన్నలంకను పూర్తిగా ఖాళీ చేయించాలని మండలి నిర్ణయించింది. ఒక్క ఇల్లు మిగిలినా పడవలు నడపాలి, వైద్యుణ్ణి పంపాలి. అందుకని ఊరంతటినీ కలిపి ఒకే లావాదేవీగా రాయించారు. అందరూ వస్తేనే అది పూర్తవుతుంది. ఆగిపోయేవాళ్ళు ఉంటారని వాళ్ళు అనుకోలేదు. చాలామంది వచ్చారు. పాతిక గడప రాలేదు. వచ్చినవాళ్ళ ఇళ్ళు, రేషను, పిల్లల బడి, అన్నీ తాత్కాలికంగా నడుస్తున్నాయి. ఏదీ ఖాయం కాలేదు.

ఖాయం చేస్తే మూలం లెక్కలో పొన్నలంక జనం సున్నా. జనం లేని చోటికి మంచినీళ్ళ పడవ వెళ్ళదు. వైద్యుడి పడవ వెళ్ళదు. తీర కేంద్రం నుంచి వెళ్ళే కరెంటు ఆగుతుంది. ఎవరూ ఆపనక్కరలేదు, మూలమే ఆపేస్తుంది.

"పోనీ వెనక్కి తిప్పు," అన్నారు చివరికి.

"తిప్పితే వచ్చినవాళ్ళు రానట్టు లెక్క. సాయంత్రానికి వాళ్ళ తలుపులు వాళ్ళకే తెరుచుకోవు."

"అయితే ఏం చేద్దామంటావ్?"

"ఈ రెండూ చెయ్యనంటాను."

"ఇలాగే వదిలేస్తే లాగ్ నిండిపోయి యంత్రం పడిపోతుంది. మళ్ళీ లేచేటప్పుడు పూర్తికాని లావాదేవీని తనే వెనక్కి తిప్పేస్తుంది. అది నీకు తెలుసా?"

"తెలుసండి. అందుకే నిండనివ్వను."

అమావాస్య నాటికి తేల్చమని చెప్పి వెళ్ళారు. తేల్చకపోతే ఆయనే వచ్చి ఖాయం చేస్తారట.

నమోదు 214. బుధవారం

ఇమాముద్దీన్‌గారు రోజంతా డిస్కులు మోశారు. యంత్రశాలలో ఇనుమూ తీగలూ ఆయన బాధ్యత. ఆసుపత్రిలో వాడకుండా పడున్న డిస్కులు, బడిలో పాత పాఠాలతో నిండి మూలన పెట్టినవి, చేపల సంఘం వాళ్ళవి, అడిగి తెచ్చారు. అడిగిన చోటల్లా దేనికని వాళ్ళూ అడిగారట.

"ఏం చెప్పారు?"

"ఊరు నిలబడటానికని చెప్పానమ్మా. అబద్ధం కాదుగా."

లాగ్‌కి రెండో ఫైలు ఆ డిస్కుల మీద పెట్టాం. ఇంకో తప్పు కూడా దిద్దాను. జాగా చాలనప్పుడల్లా లాగ్ గుప్పెడు గుప్పెడుగా పెరిగేలా ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేశారు. పెరిగిన ప్రతిసారీ ఊరంతా ఆగుతుంది. పైగా లాగ్ వేల తునకలైపోయింది. యంత్రం లేచినప్పుడు ఆ తునకలన్నీ ఒక్కొక్కటే చదువుకుంటూ రావాలి. కొత్త ఫైలుకి ముందుగానే పెద్ద జాగా ఇచ్చి, పెరగాల్సి వస్తే ఒకేసారి పెద్ద అడుగు వేసేలా మార్చాను. మధ్యాహ్నానికి కుళాయిలు చెయ్యి పెట్టగానే పోస్తున్నాయి.

రోగం మాత్రం అలాగే ఉంది. ఇది ఊపిరి తీసుకోవడానికి కాస్త వ్యవధి, అంతే.

రేషన్ కొట్టు దగ్గర వరసలో నా ముందు పంతాడి సత్తిరాజుగారు ఉన్నారు. పొన్నలంక నుంచి మొదటి పడవలో వచ్చిన మనిషి. వెనక నుంచి ఒకావిడ అందరికీ వినబడేలా అంది, "ఆ లంకోళ్ళ మూలంగానే మనకి నీళ్ళు రావట్లేదంట." సత్తిరాజుగారు తల దించుకుని సంచీ మడత పెట్టడం మొదలుపెట్టారు, వరసలోంచి వెళ్ళిపోవడానికి.

నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. "లాగ్ చూసేదాన్ని నేనండి," అన్నాను ఆవిడతో. "నీళ్ళు ఆలస్యమైంది యంత్రంలో పెట్టిన తప్పు లెక్క వల్ల. ఈయన ఇక్కడికి రావడం వల్లా కాదు, వాళ్ళ వాళ్ళు అక్కడ ఉండటం వల్లా కాదు. ఆ లెక్క రాయించింది మండలి. వరస మండలి ఆఫీసు ముందు కడితే నేనూ వస్తాను."

సత్తిరాజుగారు సంచీ మళ్ళీ విప్పారు.

నమోదు 216. శుక్రవారం

వైద్యుడి పడవ మీద పొన్నలంక వెళ్ళాను. సెలవు అడగలేదు. అడిగితే ఇవ్వరు.

పాత ఊరు సగం నీళ్ళలో ఉంది. మిగిలిన ఇళ్ళు ఇనుప దిమ్మెల మీదికి ఎత్తుకున్నారు. ఊరి చుట్టూ మూడు వరసలుగా మడచెట్లు. ఆ వేళ్ళ మధ్య ఒండ్రు పట్టి నేల నిరుటికన్నా మూరెడు లేచిందని పడవతను చూపించాడు. ఆటుకు ఆడవాళ్ళు మోకాలి లోతు బురదలో కొత్త మొక్కలు నాటుతున్నారు. మండలి పటంలో ఈ చోటు ఇప్పటికే నీలం రంగు.

మల్లాడి కాసులమ్మగారిది గట్టున మొదటి ఇల్లు. మడ నాటడం మొదలుపెట్టింది ఆవిడే, మిగిలినవాళ్ళు ఆవిడ మాట మీద ఆగారు. ఆవిడ భర్తకి చక్కెర జబ్బు. ఇన్సులిన్ మంచు పెట్టెలో వైద్యుడి పడవ మీద వస్తుంది. ఇవాళ ఆ పెట్టె నా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంది. వచ్చిన పని దాచకుండా చెప్పాను. లావాదేవీ అంటే ఏమిటో, అది తెరిచి ఉంటే లాగ్ ఎందుకు నిండుతుందో, ఎటు మూసినా ఎవరికి నష్టమో, అన్నీ.

"మమ్మల్ని రమ్మని సెప్పడానికొచ్చావా?"

"లేదండి పిన్నిగారూ. మీరు వస్తారా రారా అడుగుదామని వచ్చాను. మిమ్మల్ని ఎవరైనా అడిగారా ఇంతకుముందు?"

"అడగడం లేదమ్మా. మైకులో సెప్పి ఎల్లారు." పమిట చెంగుతో చేతులు తుడుచుకుంది. "ఎల్లినోళ్ళు ఎల్లారు. వాళ్ళది తప్పని మేం ఏ రోజూ అనలేదు. పిల్లలున్నోళ్ళు, బయపడ్డారు. మేం ఉన్నాం. నేల లేత్తంది, కళ్ళతో సూత్తన్నాం. లేవకపోతే ఆ రోజు మేవే వత్తాం. నువ్వు ఎల్లినోళ్ళని ఎల్లారని రాయి, ఉన్నోళ్ళని ఉన్నారని రాయి. అంతే కదా."

"ఉన్నారని రాయడానికి పట్టికలో గడి లేదండి. తరలింపు పట్టికలో వచ్చారు, రావాలి, ఆ రెండే ఉన్నాయి."

"గడి లేపోతే గియ్యి."

"మండలి ఒప్పుకోవాలి."

"నాకు తెలీక అడుగుతన్నా. మేం ఇక్కడ ఉండటానికి మండలి ఒప్పుకుందా? ఉండటం మానేశామా?"

సంచీలో ఉన్న పలక యంత్రం తీసి, ఆవిడ ఎదురుగా అరుగు మీదే కొత్త పట్టిక తయారుచేశాను. పేరు, ఉండే చోటు, తన ఇష్టం. ఇంకేమీ లేవు. ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క లావాదేవీ. తన మాట తను చెప్పగానే ఖాయం అవుతుంది. ఎవరి కోసం ఎవరూ ఆగనక్కరలేదు, ఎవరిని మూసినా ఇంకొకరు మూతపడరు.

"మొదటి పేరు మీదే పెడతాను. ఎక్కడ ఉంటారు?"

"పొన్నలంక."

"మీ ఇష్టంతోనే?"

"మరి ఎవరి ఇట్టంతో?" అంది.

పోటు తిరిగేలోగా అందరినీ రాశాం. బురద కాళ్ళతోనే వచ్చి మాట చెప్పి వెళ్ళారు. ఇద్దరు మాత్రం మెట్టపురం వస్తామన్నారు. కాసులమ్మగారు వాళ్ళ మూటలు తనే పడవలో పెట్టింది.

నమోదు 217. శనివారం

కొత్త పట్టికను మూలంలోకి ఎక్కించాను. కుళాయిలు, తలుపులు, పడవలు ఇక ముందు ఈ పట్టికను కూడా చూస్తాయి, రెండూ పొసగకపోతే ఇదే చెల్లుతుంది. లాగ్‌తో పాటు పట్టికలు ఎక్కించడం కూడా నా అధికారంలోనే ఉంది. ఆ అధికారాన్ని ఎవరూ ఇంతవరకు వాడలేదంతే.

రేషన్ కొట్టు పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాను. పొన్నలంక నుంచి వచ్చిన కుటుంబాలకి సత్తిరాజుగారు కబురు పెట్టారు. మొదట ఎవరూ రాలేదు. మళ్ళీ ఏదో రాయిస్తున్నారంటే ఉన్నది ఊడబెరకడానికే అనుకున్నారు. ఆయనే ముందు కూర్చున్నారు.

"రాయించుకుంటే ఇల్లు పోదు కదండీ?"

"రాయించుకోకపోతేనే పోతుంది. ఇప్పుడు మీరున్న ఇల్లు ఖాయం కాలేదండి. ఇది ఖాయం."

"ఎన్నాళ్ళకి ఖాయం?"

"మీరు బల్ల దగ్గర నుంచి లేచేలోగా."

తెర మీద మాట పడగానే ఆయన దాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. ఆ తర్వాత వరస వీధి మలుపు దాటింది.

సగంలో విశ్వపతిగారు వచ్చారు. వరసను చూశారు, నన్ను చూశారు.

"ఎవరి అనుమతితో?"

"వాళ్ళ అనుమతితో. ఒక్కొక్కరిదీ విడివిడిగా ఉంది, చూడండి."

"సువార్తా, ఇది మండలి తీర్మానాన్ని ధిక్కరించడం."

"అవునండి."

కాదంటానని, ఏదో సాకు చెప్తానని ఆయన సిద్ధపడి వచ్చినట్టున్నారు. వరసలో ఉన్న ఒక ముసలాయన "బాబూ, కాస్త పక్కకి జరుగు, నా వంతు" అనడంతో జరిగారు.

నమోదు 219. సోమవారం

పాత లావాదేవీలో ఇప్పుడు ఎవరి బతుకూ ఇరుక్కుని లేదు. వచ్చినవాళ్ళు ఇక్కడ ఖాయం, ఉన్నవాళ్ళు అక్కడ ఖాయం. ఇక వెనక్కి తిప్పవచ్చు. కానీ ఏడాది పాటు తెరిచి ఉన్నదాన్ని వెనక్కి తిప్పడం చిటికెలో అయ్యే పని కాదు. మూలం ఆ పనిలో ఉన్నంతకాలం ఊరు నత్తనడక నడుస్తుంది.

దాచకుండా మైకులో నేనే చెప్పాను. "కుళాయిలు దాదాపు ఆగిపోతాయి. ఎన్నాళ్ళో కచ్చితంగా చెప్పలేను. బిందెలు నింపుకోండి. ఆసుపత్రి బీరువా తాళంచెవులు డాక్టర్లకి ఇచ్చేశాం. లిఫ్టులు ఎక్కకండి. ఇది ఎవరి తప్పు వల్లనో తెలుసుకోవాలంటే యంత్రశాలకి రండి, చూపిస్తాను. ఇప్పుడు దిద్దకపోతే కొన్నాళ్ళకి ఇంతకన్నా పెద్దగా, చెప్పకుండా ఆగుతుంది."

పొద్దున పది దాటాక మీట నొక్కాను.

నమోదు 220. మంగళవారం

ఊరు ఆగింది. నిన్న సాయంత్రానికే కింది ట్యాంకు దగ్గర జనం చేరారు. పైఅంతస్తులకి నీళ్ళు మోయడం ఈ ఊళ్ళో చాలామందికి చేతకాదు. రెండు మెట్లెక్కి బిందె ఒలకబోసుకున్నారు. పొన్నలంక మగవాళ్ళు వెదుళ్ళు తెచ్చి కావిళ్ళు కట్టారు. నాలుగో అంతస్తుకి నీళ్ళు అలాగే ఎక్కాయి. ఆ రోజు రేషన్ వరసలో గట్టిగా మాట్లాడిన ఆవిడ, ఇవాళ పొద్దున సత్తిరాజుగారి కావిడికి ముందు దారి ఇప్పిస్తూ కనబడింది. దారి బాగానే ఇప్పించింది.

మధ్యాహ్నం మండలి నుంచి ఇద్దరిని వెంటపెట్టుకుని విశ్వపతిగారు యంత్రశాలలోకి వచ్చారు.

"ఆపెయ్. యంత్రాన్ని ఆర్పి మళ్ళీ లేపు."

"ఆర్పినా లేవగానే ఇదే పని మళ్ళీ మొదలుపెడుతుందండి. అప్పుడు అది పూర్తయ్యేదాకా కుళాయి చుక్క కూడా రాదు. ఇప్పుడు కనీసం చుక్క వస్తోంది. దీన్నుంచి బయటపడాలంటే దీంట్లోంచే పోవాలి."

"బెదిరిస్తున్నావా?"

"లేదు సార్. ఇమామ్‌గారూ, ఆ మీటకున్న మూత తీసి సార్‌కి చూపించండి. ఆర్పాలనుకుంటే ఆర్పుకోవచ్చు. నేను అడ్డం నిలబడను. కాకపోతే మైకులో ఆ సంగతి కూడా నేనే చెప్తాను, ఎవరు ఆర్పారో పేరుతో."

ఇమాముద్దీన్‌గారు మూత తీశారు. ఎర్ర మీట బయటపడింది. మండలి వాళ్ళిద్దరూ దాన్ని చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. విశ్వపతిగారు చేతులు వెనక్కి కట్టుకున్నారు. కాసేపటికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తెర మీద పని మెల్లగా వెనక్కి నడుస్తూంటే మాతో పాటే చూస్తూ ఉండిపోయారు. ఇమాముద్దీన్‌గారు ఆయనకి కూడా టీ పోశారు.

నమోదు 222. గురువారం

పూర్తయింది.

నకలు తీశాను. ఏడాదిగా బిగుసుకుని ఉన్న లాగ్ ఒక్కసారిగా వదిలింది. దాదాపు అంతా ఖాళీ. కుళాయిలు వచ్చాయి. తలుపులు తెరుచుకున్నాయి. పొన్నలంక పడవలు రెండూ వేళకి బయల్దేరాయి.

లాగ్‌ను వీలైనంత చిన్నదిగా కుదించమని మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. కుదించలేదు. మరీ చిన్నది చేస్తే రేపే మళ్ళీ పెరగాలి, పెరిగినప్పుడల్లా ఊరు ఆగాలి. తునకలైపోయిన పాత భాగాన్ని తీసేసి, రోజువారీ పనికి సరిపోయేంత, తుఫాను రోజుకి కూడా కాస్త మిగిలేంత జాగా ఒకేసారి ఇచ్చి ఉంచాను. తెచ్చిన డిస్కులు ఎవరివి వాళ్ళకి పంపించాం. కారణం ఇక్కడ రాసి పెడుతున్నాను, నా తర్వాత వచ్చేవాళ్ళు చదువుకోవడానికి. ఖాళీగా కనబడుతోంది కదా అని ఎవరూ దీన్ని కోయవద్దు.

నమోదు 223. శుక్రవారం

నన్ను తీసేశారు. కాగితం విశ్వపతిగారే తెచ్చారు. దాని కింద ఇంకో ఉత్తర్వు ఉంది. కొత్త పట్టికలోంచి పొన్నలంకవాళ్ళ పేర్లు కొట్టెయ్యాలి.

"తాళాలు ఇవిగోండి," అన్నాను. "కొట్టేసేది మాత్రం నేను కాదు."

"నువ్వేం చెయ్యనక్కరలేదు. ఎలాగో చూపించు చాలు."

చూపించాను. అందరినీ ఒకేసారి తీసే దారి ఆ పట్టికకి లేదు. కాసులమ్మగారి అరుగు మీద దాన్ని అలాగే కట్టాను. ఒక్కొక్కరినే తెరవాలి. తీసేవాళ్ళు తమ పేరు కూడా ఇవ్వాలి. అది లాగ్‌లో పడుతుంది, నకళ్ళలో నిలుస్తుంది. ఆయన కూర్చున్నారు, కళ్ళద్దాలు సర్దుకున్నారు. మొదటి పేరు తెర మీదికి వచ్చింది.

మల్లాడి కాసులమ్మ. ఉండే చోటు పొన్నలంక. తన ఇష్టంతో. ఈ మనిషి ఇక్కడ లేరని ఖాయం చేయమంటారా?

ఆయన తన పేరు టైపు చేశారు. వేలు మీట మీద పెట్టారు.

"ఈవిడని నువ్వు చూశావా?" అన్నారు.

"చూశానండి. మోకాళ్ళ దాకా బురదలో ఉన్నారు."

"నువ్వు నొక్కు."

"నొక్కను."

"ఇది ఉత్తర్వమ్మా."

"నన్ను ఇప్పుడే తీసేశారండి. నాకు ఉత్తర్వులు లేవు. మీకున్నాయి."

ఆయన మీట మీంచి వేలు తీశారు. తను టైపు చేసిన పేరును ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరిపారు. మండలిలోంచి వేరే ఎవరినైనా పంపిస్తానని, సంతకం పెట్టినవాళ్ళే వచ్చి నొక్కాలని, గోడతో మాట్లాడుతున్నట్టు అన్నారు. గుమ్మం దగ్గర ఆగి, "వస్తారనుకోను," అని వెళ్ళిపోయారు.

తెర మీద ప్రశ్న అలాగే ఉంది. జవాబు లేని ప్రశ్న తెరిచి ఉంటే లాగ్ మళ్ళీ దాని వెనకే పేరుకుపోతుంది. సంచీ భుజాన వేసుకుని, నిలబడే వద్దు అని కొట్టాను. మూలం వెంటనే మూసేసింది.

కాసులమ్మగారు పొన్నలంకలో ఉన్నారు. ఇదే నా చివరి నమోదు.